కత్తెర తెలిసినవాళ్ల పువ్వు

స్వీట్ పీ పెంచేవాళ్ల పనితనమంతా కోతలోనే ఉంది. మొదటి గాటు విత్తుకే. గట్టి పెంకు మీద, కన్నుకు ఎదురువైపు, గోళ్ల కత్తెరతో చిన్నగా గిల్లాలి; నీళ్లు లోపలికి దిగాలి కదా! వేరు సూటిగా దిగుతుంది కాబట్టి కుండీ లోతుగా ఉండాలి. రెండు మూడు జతల ఆకులు రాగానే తల తుంచేయాలి. కొత్తవాళ్ల చేయి వణికేది ఇక్కడే. తుంచితేనే పక్క కొమ్మలు గుబురుగా లేస్తాయి. పాకడానికి వల కడితే సరి. పూత మొదలయ్యాక మాత్రం రోజు విడిచి రోజు కోయాల్సిందే. కాయ కట్టనిస్తే తీగ పూయడం తగ్గించేస్తుంది. కోసేకొద్దీ పూసే ఈ గుణమే నాకు దీని సువాసనకన్నా ఇష్టం (మల్లె అభిమానులు క్షమించాలి).

1699లో సిసిలీ నుంచి ఫ్రాన్సిస్కో కుపానీ అనే సన్యాసి ఈ విత్తనాలను ఇంగ్లండుకు పంపాడు. అప్పటి పువ్వు చిన్నది. దాన్ని పెద్దది చేసి, కొత్త రంగులు తెచ్చిన ఘనుడు హెన్రీ ఎక్‌ఫర్డ్. 1888లో వెమ్ అనే చిన్న ఊరు చేరి అక్కడే ఆ పని సాగించాడు. ఈ పువ్వు విచ్చకముందే తనలో తాను పరాగం కలుపుకుంటుంది. సంకరం చేయాలంటే మొగ్గలోనే కేసరాలు తీసేయాలి. ఎంత ఓపిక!

మన దగ్గరైతే అక్టోబరులో విత్తండి, ఎండలు ముదిరేలోపు పూస్తుంది. పేరు చూసి బఠాణీ అనుకోకండి. ఇది కేసరి పప్పు జాతిది, గింజలు విషం. పిల్లలకు అందనివ్వకండి.