ఎం.ఏ. పట్టా, పోడు పట్టా: మహిళా అధ్యయనాల అర్హతల మీద మా మాట

మహిళా అధ్యయనాలలో ఎం.ఏ. పట్టా రావాలంటే ఏం కావాలి? విశ్వవిద్యాలయాల ప్రకటనలు చెప్పే జవాబు చిన్నదే. ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ ఉండాలి. సాధారణంగా 50 శాతం మార్కులు అడుగుతారు, షెడ్యూల్డ్ తెగలవారికి కొంత సడలింపు ఉంటుంది. ప్రవేశ పరీక్ష రాయాలి. మూడేళ్ల డిగ్రీ చేసినవాళ్లు రెండేళ్లు, అంటే నాలుగు సెమిస్టర్లు చదవాలి. స్త్రీవాద సిద్ధాంతాలు, స్త్రీల ఉద్యమ చరిత్ర, చట్టం, అభివృద్ధి, పరిశోధనా పద్ధతులు లాంటి పేపర్లు పాసవ్వాలి. క్షేత్ర పర్యటన చేయాలి. చాలాచోట్ల చివర్లో ఒక పరిశోధనా వ్యాసం సమర్పించాలి. ఇవన్నీ పూర్తిచేస్తే పట్టా చేతికి వస్తుంది.

ఈ అర్హతల జాబితా మొత్తం విద్యార్థిని వైపే చూస్తుంది. నీ దగ్గర ఏ కాగితాలున్నాయి, నీకు ఏం వచ్చు అని ఆమెనే అడుగుతుంది. ఆ చదువును మాత్రం ఎవరూ ఏమీ అడగరు. మేము ఈ వ్యాసంలో ఆ ప్రశ్నను అటు తిప్పి అడుగుతున్నాం. ఆదివాసీ స్త్రీ గురించి మాట్లాడటానికి ఈ చదువుకు ఉన్న అర్హత ఏమిటి? చదువు వద్దని చెప్పడానికి అడగటం లేదు. మన ఆడపిల్లలు, మగపిల్లలు ఇందులోకి వెళ్లాలనే మా కోరిక. వెళ్లేముందు గడప ఎంత ఎత్తుందో, లోపల మన చోటు ఎక్కడుందో తెలియాలి గదా.

ఈ చదువు ఎక్కడ పుట్టింది

మన దేశంలో మహిళా అధ్యయనాలకు మొదటి మెట్టు ఒక ప్రభుత్వ నివేదిక. స్త్రీల స్థితిగతుల మీద 1971లో కేంద్ర ప్రభుత్వం వేసిన కమిటీ 1974లో 'సమానత దిశగా' అనే అర్థం వచ్చే పేరుతో తన నివేదిక ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లు దాటినా స్త్రీల బతుకు అనేక విషయాల్లో వెనక్కి పోయిందని అందులో తేలింది. అదే ఏడాది బొంబాయిలోని ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో స్త్రీల మీద పరిశోధనకు ఒక కేంద్రం మొదలైంది. 1981లో అక్కడే మహిళా అధ్యయనాల తొలి జాతీయ సదస్సు జరిగింది. మన దగ్గర 1983లో తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1985లో హైదరాబాదులో అన్వేషి పుట్టాయి. 1986 జాతీయ విద్యావిధానం ఈ చదువును ప్రోత్సహించాలని రాసింది. విశ్వవిద్యాలయాల్లో కేంద్రాలు ఆ తర్వాత పెరిగాయి.

ఈ వరుసలో మధ్యన ఒక ఆదివాసీ అమ్మాయి ఉంది. ఆమె పేరు మథుర. మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్‌లో 1972లో ఆమెపై ఇద్దరు పోలీసులు అత్యాచారం చేశారన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హైకోర్టు వేసిన శిక్షను 1978లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒంటి మీద దెబ్బలు లేవు, ఆమె ఎదిరించినట్టు కనపడదు అన్నది ఆ తీర్పులోని వాదం. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ సుప్రీంకోర్టుకు బహిరంగ లేఖ రాశారు. దేశమంతా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగే అత్యాచారం వేరే నేరమైంది.

ఈ కేసు చెప్పకుండా స్త్రీల ఉద్యమ చరిత్ర చెప్పడం కష్టం. కానీ తరగతిలో ఎలా చెబుతున్నారన్నది మా ప్రశ్న. చట్టంలో 'సమ్మతి' అనే మాటకు అర్థం ఎలా మారిందో వివరంగా చెబుతారు. ఆమె కూలి చేసుకునే ఆదివాసీ పిల్ల అన్న సంగతి ఒక విశేషణంగా వచ్చి పోతుంది. పోలీసు, అటవీ అధికారి, కాంట్రాక్టరు ఆదివాసీ గూడేలతో ఎలా మెలిగారు, ఆ పిల్ల మాటను ఎందుకంత తేలిగ్గా తీసేయగలిగారు అన్న పాఠం మిగిలిపోతుంది. ఆ పాఠం మిగిలిపోయినందుకే వాకపల్లి మనకు ఒక విడి సంఘటనలా కనపడుతుంది. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని ఆ ఊరిలో 11 మంది కోదు స్త్రీలు తమపై పోలీసులు అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెప్పి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని కూడా అదే తీర్పులో ఆదేశించింది. దేశాయ్‌గంజ్‌ను, వాకపల్లిని పక్కపక్కన పెట్టి చదివే పేపరు ఉంటేనే ఆదివాసీ స్త్రీ ఉదాహరణ స్థాయి దాటి పాఠమవుతుంది.

గడప ఎత్తు

డిగ్రీ ఉంటే చాలు అన్నది వినడానికి తేలికైన అర్హత. 2011 జనగణన ప్రకారం దేశంలో షెడ్యూల్డ్ తెగల స్త్రీలలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు సగానికి కొంచెం తక్కువ. డిగ్రీ దాకా వచ్చిన మన అమ్మాయి వెనక బడి మానేసిన తోటి పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆశ్రమ పాఠశాలల ఉపాధ్యాయులకు మేము చెప్పనక్కరలేదు.

అన్నీ దాటి వచ్చిన పిల్లకు తర్వాతి అడ్డు భాష. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి 2022 నుంచి సీయూఈటీ-పీజీ రాయాలి. భాషా సబ్జెక్టులను పక్కన పెడితే ఆ ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. ఎం.ఏ. తర్వాత అధ్యాపక ఉద్యోగానికి, ఫెలోషిప్‌కు రాసే యూజీసీ నెట్ కూడా అంతే. ఇంట్లో కోయ, గోండి, కువి, సవర మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకుని, తెలుగులో డిగ్రీ చేసిన అమ్మాయి ఇక్కడ మూడో భాషలో తన తెలివి చూపించాలి. ఉత్తరాదిలో హిందీ మాధ్యమంలో చదివిన పిల్లకు ఉన్న వెసులుబాటు ఆమెకు లేదు. స్త్రీల మధ్య ఉండే తేడాలను పాఠంగా చెప్పే చదువు, ఈ తేడాను తన గడప దగ్గరే చూడాలి.

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. మహిళా అధ్యయనాలు బడిలో చెప్పే సబ్జెక్టు కాదు. కాబట్టి ఈ ఎం.ఏ. ఒక్కదానితో ఉపాధ్యాయ ఉద్యోగం రాదు. విశ్వవిద్యాలయ కేంద్రాలకు కూడా యూజీసీ డబ్బు చాలాకాలం ప్రణాళిక వెంట ప్రణాళికగా వచ్చింది. పన్నెండో ప్రణాళిక ముగిసిన 2017లో అక్కడి సిబ్బంది ఉంటామో పోతామో తెలియక ఆందోళన పడ్డారు. ఇంటికి మొదటి జీతం తేవాల్సిన పిల్లకు ఈ నిజం ముందే తెలియాలి. తెలిసీ ఎంచుకుంటే ఆమెకు దారులు లేకపోలేదు. ఎం.ఏ.లో 50 శాతం వస్తే షెడ్యూల్డ్ తెగలవారు నెట్ రాయవచ్చు, జనరల్ కేటగిరీ వారికైతే 55 కావాలి. పీహెచ్.డీ. చేసే గిరిజన విద్యార్థుల కోసం ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయి.

పేపర్లలో మన బతుకు

చట్టం పేపరు తీసుకుందాం. స్త్రీల ఆస్తిహక్కు అనగానే 1956 హిందూ వారసత్వ చట్టం, దానికి 2005లో వచ్చిన సవరణ చెబుతారు. కూతురికి కొడుకుతో సమానంగా వాటా వచ్చిందని రాస్తే మార్కులు వస్తాయి. కానీ అదే చట్టం రెండో సెక్షన్‌లో, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు ఇది వర్తించదని ఉంది. అంటే మన పిల్ల పరీక్షలో రాసే ఆ జవాబు తన ఇంటికి వర్తించదు. ఛోటానాగ్‌పూర్ ఆదివాసీ స్త్రీల భూమి హక్కు మీద సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చింది. ఆచారాన్ని మొత్తంగా కొట్టేయలేదు, మగ వారసుడు చనిపోతే అతని మీద ఆధారపడిన స్త్రీలకు బతుకుతెరువుగా ఆ భూమిలో ఉండే హక్కును మాత్రం కాపాడింది. ఆచారం, సమానత ఎదురుపడినప్పుడు ఏం చేయాలన్నది మనకు నేటికీ తేలని ప్రశ్న. చట్టం పేపరులో అది పక్క గమనికగా కాదు, ఒక అధ్యాయంగా ఉండాలి.

2006 అటవీ హక్కుల చట్టం పోడు పట్టాను భార్యాభర్తలిద్దరి పేరునా రాయాలంటుంది. అటవీ హక్కుల కమిటీలో స్త్రీలు మూడోవంతుకు తగ్గకూడదు. గ్రామసభ కోరంలో మూడోవంతు స్త్రీలుండాలని 2012 సవరణ చెప్పింది. కాగితం మీద ఇంత చోటు ఉన్న స్త్రీ, గ్రామసభలో ఎంతసేపు మాట్లాడుతుంది? పట్టా మీద పేరున్న భార్యకు ఆ పంట డబ్బు మీద మాట చెల్లుతుందా? 1/70 చట్టం ఏజెన్సీ భూమిని గిరిజనేతరుడు కొనకుండా ఆపితే, గిరిజన స్త్రీని పెళ్లాడి ఆమె పేరున భూమి పెట్టుకునే దారి ఎలా తయారైంది? ఆ భూమికి యజమాని ఎవరు? ఇవి ఏ స్త్రీవాద సిద్ధాంతానికైనా గట్టి పరీక్ష పెట్టే ప్రశ్నలు. వీటి జవాబులు భద్రాచలం, ఏటూరునాగారం, పాడేరు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నాయి.

క్షేత్ర పర్యటన ఎవరి క్షేత్రం

పరిశోధనా వ్యాసం కోసం విద్యార్థులు మన గూడేలకు వస్తారు. ప్రశ్నల కాగితం తెస్తారు. ఇప్పపువ్వు ఏరుకొచ్చి అలసిపోయిన అమ్మను, అక్కను కూర్చోబెట్టి అడుగుతారు. వెళ్లిపోతారు. ఆ వ్యాసం ఏమైందో ఊరికి తెలియదు. చెప్పిన మనిషి పేరు 'సమాచారదాత' అవుతుంది, రాసిన మనిషి పేరు అట్ట మీదికి వస్తుంది. చెప్పిన మనిషి గోప్యత కోసం పేరు దాచడం వేరు, ఆమె ఆలోచన ఆమెది కానట్టు రాయడం వేరు.

ఇంకో విధంగా కూడా చేయవచ్చని తెలుగులోనే రుజువైంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలను కలిసి, వాళ్ల మాటల్లోనే వాళ్ల చరిత్రను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. అక్కడ మాట్లాడినవాళ్లు నమూనాలు కారు, చరిత్రను విడమరచి చెప్పినవాళ్లు. ఆ పద్ధతి మన గూడేల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ప్రశ్నల కాగితంగా చిక్కిపోవాలి?

క్రెడిట్ల లెక్కలో దాదాపు 15 గంటల పాఠం ఒక క్రెడిట్. విత్తనం ఏరి దాచడం, కాన్పు చేయడం, సంతలో తూకం మోసాన్ని పట్టుకోవడం ఒక జీవితమంతా నేర్చుకున్న మనిషికి ఎన్ని క్రెడిట్లు? ఇది ఎగతాళికి అనటం లేదు. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం అనుభవంతో వచ్చిన జ్ఞానానికీ క్రెడిట్ ఇవ్వవచ్చంటోంది. అలాంటి అమ్మను తరగతికి పిలిచి, గౌరవ వేతనం ఇచ్చి, నాలుగు పాఠాలు చెప్పించడానికి ఏ నిబంధనా అడ్డు కాకూడదు.

మనల్ని మనం అడగాల్సినవి

మైదాన ప్రాంతపు పుస్తకాల్లో ఆదివాసీ స్త్రీ రెండు రకాలుగా కనపడుతుంది. ఒకటి ఏమీ తెలియని అమాయకురాలు, రెండోది ఏ కట్టూ లేని స్వేచ్ఛాజీవి. మొదటిదాన్ని మనం కోపంతో తోసేస్తాం. రెండోదాన్ని మాత్రం మెచ్చుకోలుగా తీసుకుని సభల్లో చెప్పుకుంటాం. మనలో కట్నం లేదు, విడిపోయి మళ్లీ పెళ్లి చేసుకోవడం తప్పు కాదు అంటాం. చాలా తెగల్లో అది నిజమే. కానీ కట్నం మన ఉద్యోగస్తుల ఇళ్లలోకి వచ్చేసింది. చేతబడి, చిల్లంగి పేరుతో కొట్టి చంపడం ఆగలేదు. కులపెద్దల పంచాయితీలో ఆడమనిషి తగువు మగవాళ్లే తీరుస్తున్నారు. వీటిని మన పిల్లలే పరిశోధించాలి. బయటివాళ్లు రాస్తే మనల్ని కించపరిచారంటాం, మనం రాయకపోతే ఆ మనుషుల బాధ రాతలోకే రాదు.

మేము అడిగేవి

విశ్వవిద్యాలయాలను మేము నాలుగు అడుగుతున్నాం. ప్రవేశ పరీక్ష తెలుగులో రాసే వీలు, పరిశోధనా వ్యాసం తెలుగులోగానీ తల్లిభాషలోగానీ సమర్పించే వీలు ఉండాలి. ఆదివాసీ స్త్రీల భూమి, అడవి, చట్టం, ఆచారం మీద ఒక పేపరు ఐచ్ఛికంగా కాక తప్పనిసరిగా ఉండాలి. గూడెంలో పరిశోధన చేసినవాళ్లు పట్టా తీసుకునేముందు తాము రాసింది ఆ ఊరి గ్రామసభకు వారి భాషలో చెప్పాలి. ఆదివాసీ స్త్రీలు అధ్యాపకులుగా ఉండాలి.

యువతను అడిగేది ఒకటే. మీరు బీఎస్సీ చేసినా, బీకాం చేసినా ఈ చదువుకు అర్హులే. వెళ్తే మీ ఊరి ప్రశ్నను సంచిలో పెట్టుకుని వెళ్లండి. ఉపాధ్యాయులు డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న పాత విద్యార్థినులకు ఇలాంటి చదువు ఉందని ఒక ఫోన్ చేసి చెబితే చాలు, చాలామందికి ఆ కబురే అందటం లేదు.

2023లో పార్లమెంటు చేసిన చట్టంతో ములుగులో సమ్మక్క సారక్కల పేరున కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. రాజుకు కప్పం కట్టనని ఎదురు నిలిచిన తల్లీకూతుళ్ల పేరు గేటు మీద ఉంది. ఆ గేటు లోపల వాళ్ల తెగ ఆడవాళ్లు పాఠం చెప్పేవాళ్లుగా, పాఠం రాసేవాళ్లుగా ఉండాలని అడిగే హక్కు మనకుంది. అడుగుదాం.