లావాల్ తీర్పు - సమ్మె హక్కు

ఐరోపా న్యాయశాస్త్రంపై పరిశోధన చేస్తున్నవారి వ్యాసాలు యీ మధ్య కొన్ని వరుసగా చదివాను. నేను న్యాయవాదిని కాను, సాహిత్య పాఠకుణ్ణి. అందుచేతనే కాబోలు, వాటిలో పదే పదే తగిలే 'సమతౌల్యం' అన్న మాట దగ్గర ఆగిపోయాను. కంపెనీల ఆర్థిక స్వేచ్ఛనూ కార్మికుల సమ్మె హక్కునూ న్యాయస్థానం సరిగా తూచిందా లేదా అన్నదే వారి చర్చ. తక్కెడలో ముందుగా దేనిని వేశారని అడిగినవారు కొద్దిమందే.

లావాల్ వ్యాజ్యాన్నే తీసుకుందాం. స్వీడన్‌లోని వాక్స్‌హోం పట్టణంలో బడి భవనాన్ని బాగుచేసి పెంచే పనికి, లాత్వియాకు చెందిన లావాల్ కంపెనీ 2004లో తన పనివారిని పంపింది. స్వీడన్‌లో కనీస వేతన చట్టం లేదు. యజమానులూ సంఘాలూ కుదుర్చుకునే సామూహిక ఒప్పందాలే అక్కడ కూలిని నిర్ణయిస్తాయి. నిర్మాణ కార్మికుల సంఘం ఒప్పందంపై సంతకం పెట్టమంది. గంటకు 145 క్రోనర్లు, అంటే ఆ ప్రాంతపు సగటు కూలి అడిగింది. కంపెనీ ఒప్పుకోలేదు. నవంబరులో సంఘం పనిస్థలాన్ని దిగ్బంధించింది. విద్యుత్ కార్మికులు సానుభూతిగా తోడైనారు. 2007 డిసెంబరు 18న లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానం ఆ చర్య చెల్లదన్నది.

సమ్మె హక్కును తీర్పు కాదనలేదు సుమా! అది మౌలిక హక్కేనని స్పష్టంగా ఒప్పుకున్నది. ఒప్పుకున్న తర్వాత తీర్పు నడిచిన తీరు చూడాలి. సరిహద్దు దాటి వ్యాపారం చేసే కంపెనీ స్వేచ్ఛ ముందుగా వచ్చి కూర్చుంటుంది. దానిని ఎవరూ సంజాయిషీ అడగరు. సమ్మె మాత్రం 'ఆటంకం'గా ప్రవేశిస్తుంది. తన ఉద్దేశం న్యాయమైనదనీ, తన చర్య మోతాదు మించలేదనీ రుజువు చేసుకోవలసిన భారం దానిదే. నౌకను ఎస్టోనియా జెండా కిందికి మార్చకుండా ఫిన్లండు నావికులు అడ్డుకున్న వైకింగ్ వ్యాజ్యంలోనూ, వారం ముందు, ఇదే వరుస.

లాత్వియా పనివాడు కూడా శ్రామికుడే గదా, అతని పని పోగొట్టింది సంఘమే గదా అని ఆక్షేపించేవారున్నారు. ఆ మాటను మనం దాటవేయరాదు. పని పోయినవాడికి నష్టం నష్టమే. కాని సంఘం అడిగింది అతనికి తక్కువ కూలి కాదే! పైగా యీ వ్యాజ్యంలో వాది కంపెనీ, ప్రతివాదులు సంఘాలు. ఆ పనివాడికి చోటే లేదు.

2009లో స్వీడన్ కార్మిక న్యాయస్థానం సంఘాలచేతనే నష్టపరిహారం కట్టించింది. తీర్పుకు తగినట్లు స్వీడన్ మార్చుకున్న చట్టాన్ని 2013లో ఐరోపా సాంఘిక హక్కుల కమిటీ తప్పుపట్టి, వ్యాపార స్వేచ్ఛకు కార్మిక హక్కుకన్న ముందుగానే పైమెట్టు కేటాయించరాదన్నది. 2018లో ఐరోపా యూనియన్ తన ఆదేశాన్ని సవరించి, ఇలా పంపిన పనివారికి కనీస వేతనం మాత్రమే కాక స్థానికుల ప్రతిఫలమంతా దక్కాలన్నది. సమ్మె హక్కుకు భంగం లేదనీ చేర్చింది. దీనితో వివాదం ముగిసిందని కొందరు పరిశోధకులు రాస్తున్నారు. నేను ఒప్పుకోను. కూలి లెక్క మారింది నిజమే. మూల ఒప్పందానికి న్యాయస్థానం చెప్పిన వ్యాఖ్యానాన్ని ఆదేశం రద్దు చేయలేదు, చేయజాలదు కూడా.

నా విద్యార్థి ఒకడు యీ తీర్పుపై వ్యాసం రాస్తున్నాడు. వరుస తిప్పి రాసి చూడమన్నాను: సమ్మె హక్కును ముందు కూర్చోబెట్టి, కంపెనీ స్వేచ్ఛనే సంజాయిషీ అడిగితే వాక్స్‌హోంలో ఏమి తేలేదో.