పేరు చెరిపి పని మొదలుపెట్టే నేర్పు

కంప్యూటర్‌లో పెద్ద జాబితాను వరుసలో పెట్టాలన్నా, ప్రోగ్రామును కంపైల్ చేయాలన్నా మధ్యలో పుట్టే చిత్తు సమాచారాన్ని కాసేపు ఎక్కడో దాచాలి. యునిక్స్‌లోనూ, దాని బాటలో వచ్చిన లినక్స్‌లోనూ ఇందుకు టెంప్ అనే డైరెక్టరీ ఉంది. కాసేపటి సరుకే కదా అని ఎవరూ తొంగిచూడని ఆ మూలలో ఎంత నాణ్యమైన పనితనం ఉందో చూడాలి.

టెంప్ ఊరి సత్రం లాంటిది. ఆ కంప్యూటర్ వాడేవాళ్లు ఎవరైనా అందులో ఫైలు పెట్టుకోవచ్చు. చిక్కేమిటంటే, యునిక్స్‌లో ఒక ఫైలును తొలగించే హక్కు దాన్ని దాచిన డైరెక్టరీ అనుమతులను బట్టి వస్తుంది. అందరినీ రానిస్తే, ఎవరి ఫైలునైనా ఎవరైనా తీసేయగలరు. 1986లో వచ్చిన 4.3 బీఎస్‌డీ అనే యునిక్స్ రూపం ఈ చిక్కును స్టికీ బిట్ అనే ఒకే ఒక్క బిట్‌తో విప్పింది. స్టికీ బిట్ ఉన్న డైరెక్టరీలో ఫైలును దాని సొంతదారు, డైరెక్టరీ సొంతదారు, రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) తప్ప ఇంకెవరూ తొలగించలేరు. టెంప్ అనుమతుల సంఖ్య 1777లో మొదటి అంకె ఆ బిట్‌దే.

తర్వాతి సమస్య పేరు. పాత ఎంకెటెంప్ ఫంక్షన్ ఎవరూ వాడని పేరు వెతికి ఇచ్చేది. ఫైలు తెరవడం ప్రోగ్రాము పని. ఆ రెండింటి నడుమ రెప్పపాటు సందులో దుర్బుద్ధి గలవాడు అదే పేరుతో వేరే ముఖ్యమైన ఫైలుకు దారి చూపే సింబాలిక్ లింక్ పెడితే, ప్రోగ్రాము తన చిత్తు రాతను ఆ ఫైలు మీద రాసేస్తుంది. తర్వాత వచ్చిన ఎంకెఎస్‌టెంప్ ఫంక్షన్ ఆ సందునే మూసేసింది. ‘ఈ పేరు లేకపోతేనే సృష్టించు, ఉంటే కుదరదని చెప్పు’ అని ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌ను అడుగుతుంది. పరీక్ష, సృష్టి రెండూ ఒకే అడుగులో, విడదీయరాని పనిగా జరుగుతాయి. కుదరకపోతే ఇంకో పేరు ప్రయత్నిస్తుంది. లినక్స్‌లో వాడే జీలిబ్‌సీ లైబ్రరీ, ఫైలు పేరు చివర ఆరు స్థానాలను 62 అక్షరాలు, అంకెల్లోంచి నింపుతుంది. అంటే దాదాపు 5,680 కోట్ల పేర్లు. ఇన్ని పేర్లలో ఒకదాన్ని ఊహించడం కష్టం. ఒకవేళ సరిగ్గా ఊహించినా ఫలితం ఉండదు. ఈ రెండో కాపు పెట్టడంలోనే తయారుచేసినవాళ్ల ముందుచూపు తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే ముచ్చటగొలిపేది తొలగించే పద్ధతి. యునిక్స్‌లో ఫైలు వేరు, దాని పేరు వేరు. ఒక ఫైలుకు ఎన్ని పేర్లున్నాయో, ఎన్ని ప్రోగ్రాములు దాన్ని తెరిచి ఉంచాయో కెర్నెల్ లెక్క పెట్టుకుంటుంది. రెండు లెక్కలూ సున్నా అయ్యాకే డిస్క్‌లో చోటు ఖాళీ అవుతుంది. అనుభవజ్ఞులు దీన్ని ఆసరా చేసుకున్నారు. ఫైలు తెరిచిన వెంటనే దాని పేరు చెరిపేస్తారు. ఆ తర్వాతే నిశ్చింతగా రాస్తారు, చదువుతారు. ప్రోగ్రాము సవ్యంగా ముగిసినా, నడుమ కూలిపోయినా, ఎవరైనా బలవంతంగా ఆపినా కెర్నెల్ ఆ ఫైలును మూసి చోటు వెనక్కి తీసుకుంటుంది. శుభ్రం చేసే కోడ్ నడిచే అవకాశం లేనప్పుడు కూడా శుభ్రం జరిగిపోతుంది!

ఇందులోనూ తెరవడానికీ చెరపడానికీ మధ్య చిన్న సందు మిగిలింది. 2013లో లినక్స్ 3.11 అసలు పేరే లేకుండా ఫైలు పుట్టే వీలు కల్పించి దాన్నీ మూసింది. రాయడం పూర్తయ్యాక కావాలనుకుంటే అప్పుడు పేరు పెట్టుకోవచ్చు. అందువల్ల సగం రాసిన ఫైలు ఇంకెవరి కంటా పడదు.

ఇతర ప్రోగ్రాములకు అందించాల్సిన ఫైళ్లకు మాత్రం పేరు తప్పదు. వాటి సంగతి లినక్స్ సేవలను నడిపే సిస్టమ్‌డీలోని టెంప్‌ఫైల్స్ అనే సాధనం చూస్తుంది. దాని మూల అమరికలో టెంప్‌కు 10 రోజులు, ఇంకా ఎక్కువ కాలం ఉంచే తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీ వార్ టెంప్‌కు 30 రోజులు గడువు. ఎవరైనా తాళం వేసి వాడుకుంటున్న డైరెక్టరీ జోలికి పోదు.

స్టికీ బిట్ నుంచి పేరులేని ఫైలు దాకా ఈ పనివాళ్లు ఎదుటివాడి మంచితనం మీదా, చివర్లో గుర్తుంచుకుని సర్దుతామన్న మాట మీదా భారం వేయలేదు. సర్దుబాటును సృష్టిలోనే కలిపేశారు. ప్రోగ్రాములు రాసే ప్రతివారూ వీళ్ల దగ్గర నేర్చుకోవాల్సిన పద్ధతి ఇది: తాత్కాలికమైనదేదైనా సృష్టించే ముందు, అది ఎలా పోతుందో తేల్చుకోవాలి.