సైరంధ్రి చేతులు

వానలు వెనుకబట్టిన యేట విరాటపర్వము చదివించుట తెలుగునాట చిరకాలముగా వచ్చుచున్న యాచారము. మా నెల్లూరు తీరమున నా యాచారమునకు మరి కొంత బలము కలదు. ఈ సీమకు వాన ప్రధానముగా ఈశాన్య ఋతుపవనముతో, ఆశ్వయుజ కార్తికములలో వచ్చునది. అది తప్పినచో చెరువు నిండదు, నాటు సాగదు. మరియు నా పర్వమును తెనిగించిన తిక్కన సోమయాజి 13వ శతాబ్దమున మనుమసిద్ధి కొలువున, ఈ పెన్న యొడ్డుననే మసలినవాడు. కనుక మావారికి విరాటపర్వ మనగా ఇంటి పుస్తకము. నేను చిన్నతనమున రామాలయపు అరుగు మీద కూర్చుండి వినినప్పుడు పెద్ద లందరును గోగ్రహణము కొరకును, ఉత్తరుని ప్రగల్భముల కొరకును ఎదురుచూచుచుండిరి. వంటయింటి మాట వచ్చినప్పుడు కొందరు చుట్ట కాల్చుకొనుటకు లేచి పోయెడివారు. ఆ లేచి పోవుటయే మన విమర్శకులు కూడ చేసినారని నా మనవి.

విరాటపర్వమును గూర్చి మనవారు వ్రాసిన వ్యాసములకు లెక్క లేదు. తిక్కన నాటకీయత, పాత్రోచితమైన సంభాషణ, తెలుగు నుడికారపు బిగువు, హరిహరనాథునకు అంకిత మిచ్చిన ధర్మాద్వైత దృష్టి, ఇవి యన్నియు మెచ్చదగినవే, మెచ్చినారు. కాని యా పర్వమున జరుగునది యేమి? అయిదుగురు రాజులును ఒక రాణియు ఒక సంపన్న గృహమున పనివారై చేరిరి. ఒకడు జూదపు తోడు, ఒకడు వంటవాడు, ఒకడు ఆట నేర్పువాడు, ఒకడు గుఱ్ఱముల వాడు, ఒకడు ఆలమందల వాడు. ఆమె తల దువ్వి, పూలు కట్టి, మైపూతలు నూరునది. వినోదము, భోజనము, నాట్యము, వాహనము, పాడి, అలంకరణము. ఒక కలవారి యింటి దినదిన సుఖమునకు కావలసిన వన్నియు ఈ యార్గురే సమకూర్చిరి. ఏడాది పొడవున విరాటు డనుభవించిన భోగము పాండవుల చేతిపని. అజ్ఞాతవాస మనగా వేషము మార్చుట మాత్రమే యని యనుకొనుచు వచ్చితిమి గాని, భోగపంక్తిలో పీట మీద కూర్చుండినవారు లేచి వడ్డించువారి వరుసకు వచ్చుట యని తలపోయ లేదు.

సుఖములను గూర్చి మన పూర్వులు వ్రాయకపోలేదు. వాత్స్యాయనుడు నాగరకుని దినచర్యను ఎంత శ్రద్ధగా వ్రాసినాడనిన, నిత్యము స్నానము, రెండవనాట ఒడలు రుద్దించుకొనుట, మూడవనాట నురుగు నిచ్చు ద్రవ్యముతో శుద్ధి, నాలుగవనాట క్షౌరము అని దినములు కూడ లెక్కగట్టినాడు. 12వ శతాబ్దమున పశ్చిమ చాళుక్య ప్రభువైన సోమేశ్వరుడు మానసోల్లాసమున రాజోపభోగములను వరుసగా వర్ణించినాడు: స్నానము, తాంబూలము, విలేపనము, వస్త్రము, మాల్యము, ఆభరణము, అన్నము. అందలి పాకవిధానములు చదివినచో నేటికిని నోరూరును. కాని యా రెండు గ్రంథములును పీట మీద కూర్చుండినవాడు వ్రాసినవి, లేక వాని కొరకు వ్రాసినవి. ఒడలు రుద్దిన చేయి ఎవరిదో వానికి పట్టదు. ఆంగ్లేయులలో బీటన్ అను నిల్లాలు 1861లో అచ్చు వేయించిన గృహనిర్వాహ గ్రంథము ఒకటి కలదు. దాని రుచులు మనకు కొరుకుడు పడవు. అయినను ఆమె తొలి ప్రకరణములోనే పనివారికి ఏటికి ఎంత జీత మీయవలెనో పట్టిక వేసినది. ఆ పట్టికకు నేను దండము పెట్టుదును.

ఈ గ్రంథముల నడుమ విరాటపర్వము నిలుచు చోటు వేరు. అందు వంటయిల్లు పొయ్యి వైపు నుండి కనబడును. ద్రౌపది సుదేష్ణ యెదుట నిలిచి పని యడిగినప్పుడు తనకు తల దువ్వుట వచ్చుననియు, మైపూతలు నూరుట వచ్చుననియు, మల్లెలును, కలువలును, సంపెంగలును వింత వింతగా గ్రుచ్చుట వచ్చుననియు చెప్పినది. పిమ్మట పెట్టిన షరతు గమనింపుడు. జీత మెంత యని ఆమె యడుగలేదు. ఎంగిలి ముట్టననియు, కాళ్లు కడుగననియు చెప్పినది. పనికి చేరు ఆడుది తొలి మాటగా తన గౌరవమునకు గట్టు వేసికొనుట మన సాహిత్యమున నేను చూచిన చోటులలో ఇది మొదటిది.

వ్యాసుని మూలమున నొక ఘట్టము కలదు. కీచకునిచే పరాభవము పొందిన రాత్రి ద్రౌపది వంటసాలకు పోయి, పొయ్యిల ప్రక్క నిద్రించుచున్న భీముని లేపి తన గోడు చెప్పుకొనును. చెప్పి చెప్పి, తుదకు రెండు చేతులును చాచి చూపును. చందనము నూరి నూరి యవి కాయలు కాచినవి. కుంతికి తప్ప ఎవ్వరికిని, తనకైనను, తాను ఎన్నడు నూరినది లేదట. విరాటునకు మరియొకరు నూరిన గంధము నచ్చదట. కనుక ప్రతిదినమును అతని యెదుట నిలిచి, పూత బాగుగా కుదిరినదనునో కుదరలేదనునో యని ఆమె వడకుచుండునట. భీము డా చేతులను తన మొగమునకు చేర్చుకొని యేడ్చినాడు. ద్రౌపది సభలో పడిన యవమానములు మహాకవులకు వస్తువులైనవి. ఈ భయము ఎవరికిని వస్తువు కాలేదు. బాగున్నదా, లేదా? ఇంతే భయము. మీరు నేను ఎరిగిన భయమే.

ఈ ఘట్టమును పదవ తరగతి పిల్లలకు చెప్పవలసి యుండి, ఒక యాదివారము ఇంట పుస్తకము ముందు పెట్టుకొని కూర్చుంటిని. భోజనమునకు పిలుపు వచ్చినది. మా తీరమున చేపల పులుసునకు పుల్లమామిడి ముక్కలు పడవలెను, చింతపండు పలుచన కాగూడదు, వండిన పూట కంటె మరునాటి పూట అది రుచి. ఈ సంగతులు మాకు శాస్త్రము. నేను ముద్ద నోట బెట్టుకొనగానే మా యింటి యిల్లాలు గరిటె పట్టుకొని నిలువబడి నా మొగము వంక చూచినది. ఆ చూపు ఇరువదియేండ్లుగా చూచుచున్నాను, ఆనాడే కంటబడినది. పులుపు చాలలేదని చెప్పుట నా యలవాటు. ఆనాడు నోరు మెదపలేకపోతిని. ఆమె యదియును తప్పుగా గ్రహించి, “ఏమండీ, బాగా లేదా?” యనినది. ఇంత చదువుకొన్న వాడను, దానికి తగిన సమాధానము నాకు తోచలేదు. ముందు కూర్చుండి తినుమని చెప్పితిని. అత్తగారు ఇంకను తినలేదని ఆమె లోపలికి పోయినది.

ఇచట సంస్కరణాభిమానులైన చదువరులు నన్నొక ప్రశ్న యడుగవచ్చును. ఇట్టి సుఖములే లేకున్న ఈ చేతులకు కాయలు కాయవు గదా, మితాహారము, ముతక బట్ట, పూలులేని తల, ఇదియే మార్గము గాదా యని. మనలో నొక తెగవారు రుచియైన వంటను, అత్తరును, అంచు చీరను, సిగలోని పూలను ఒక్క మోపుగా కట్టి విలాసమని గోడ యవతలకు విసరివేసినారు. నా కది సమ్మతము కాదు. భారతమునకును సమ్మతము కాదు. మూలముననే మరి నాలుగు శ్లోకములు కలవు, వానిని మన పండితులు తొందరలో దాటిపోవుదురు. భీముడు రాజు తన కిచ్చిన భక్ష్యములను ధర్మరాజునకు అమ్మినట్లు నటించి అందించెడివాడట. సహదేవుడు పాలు, పెరుగు, నేయి తెచ్చి పంచెడివాడు. అర్జునునకు అంతఃపురమున దొరకిన పాత బట్టలు ఆ మిషతోనే అన్నదమ్ములకు చేరెడివట. ఖాండవప్రస్థమున మయసభ కట్టించుకొన్నవారు విడిచిన బట్టను మురిపెముగా కట్టుకొనిరి. పిండివంట పంచుకొని తినిరి. ఆ యేడాది వారికి దొరకిన సుఖ మదియే. దానిని విలాస మనువాడు రాతి గుండె గలవాడు. వెంకటగిరి నూలు చీర యొకటి తల్లి కట్టి, కూతురు కట్టి, పిదప పసిబిడ్డకు పక్కబట్ట యైన యిండ్లు మన వైపు ఎన్ని లేవు? ఆ మెత్తదనము కొత్త పట్టునకు రాదు. మేలైన వంటయు, మంచి బట్టయు, తలకు నూనెయు ఒంటికి నలుగును మనుష్యునకు అక్కరలేని వస్తువులు కావు. ఎవరు నూరిరి, వారికి వంతు దక్కినదా యనునదే అడుగవలసిన మాట.

వంతు దక్కనిచోట సుఖ మే రూపు దాల్చునో కీచకుని యిల్లు చూపును. సుదేష్ణ సైరంధ్రిని తమ్ముని యింటికి పంపినది దేనికి? మద్యము తెచ్చుటకు. ఆ పాత్ర చేతబట్టుకొని పోవుచున్న ద్రౌపదిని తలచుకొన్నపుడెల్ల నాకు మన జిల్లాలోని దూబగుంట గుర్తుకు వచ్చును. 1992లో ఆ యూరి యాడువారు, అక్షరాస్యతా తరగతులలో కూర్చుండి ఓనమాలు దిద్దుకొనిన కూలి తల్లులు, సారా దుకాణమునకు అడ్డము నిలిచిరి. ఉద్యమము రాష్ట్రమంతట పాకినది. 1993 అక్టోబరులో సారా నిషేధ మయ్యెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలినది. మగవాని సాయంకాలపు సుఖమునకు మూల్యము ఎవరి వంటపాత్ర నుండి పోవుచున్నదో వారు లెక్క చూచినారు. ఆ లెక్కకు పెద్ద చదువు అక్కరలేకపోయినది.

కీచకుడు తన్నినపుడు ద్రౌపది నిండు సభలో రాజు నడిగినది. మూలమున విరాటు డిచ్చిన యుత్తరము, మీ తగవు నా కనుచాటున జరిగినది, నే నెరుగనని. ప్రతి యింటి యజమానియు, ప్రతి కార్యాలయపు పెద్దయు నేటికిని చెప్పుచున్న మాటయే. సభలోని చెట్టు వంక చూచిన భీమునితో ధర్మరాజు వంటకట్టెలకైనచో వేరే చెట్టు చూచుకొమ్మని గూఢముగా వారించుటయు, నా మగడు నటుడు, ఆయన యాలికి నాట్యము తప్పునా యని ద్రౌపది యెత్తిపొడుచుటయు తిక్కన చేతిలో పడి తెలుగువారి నాలుకలపై నిలిచిపోయినవి. విమర్శకు లీ చోట చమత్కారమును మెచ్చి యూరకుందురు. వంటవాడు కోపపడిన కట్టెల వంకతో, దాసి యేడ్చిన ఆటదాని వంకతో మాట దాటింపబడుచున్నది. వారి బాధ వారి పని పేరుతోనే కొట్టివేయబడుచున్నది. పిమ్మట కీచకుడును వాని తమ్ములును చచ్చినాక విరాటుడు చేసిన దేమి? సైరంధ్రిని పంపివేయుమని భార్యతో చెప్పినాడు. ఫిర్యాదు చేసినదాని పని పోయినది! ఆమె పదమూడు దినములు గడువు వేడుకొనినది. 2013లో మన దేశమున చేసిన చట్టము పని చేయుచోట స్త్రీలపై జరుగు లైంగిక వేధింపులకు అడ్డుకట్ట వేయుచు, ఇంటిని సైతము పనిచోటుగా లెక్కించి ఇంటిపనివారిని పేరెత్తి చేర్చినది. సుదేష్ణ యిల్లు చట్టపు టెల్లలలోనికి వచ్చుటకు ఇంత కాలము పట్టినది.

ఇంత చెప్పి, కావ్యమున నాకు కనబడిన లోపమును దాచుట న్యాయము కాదు. ద్రౌపది చేతుల కాయలు చూచి భీము డేడ్చినది అవి రాణి చేతు లగుట చేత. ఆమె పక్కనే కూర్చుండి, పుట్టినది మొదలు గంధము నూరుచున్న మరియొక పరిచారిక చేతులు ఎవరును చూడలేదు. ద్రౌపదియును చూచినట్లు లేదు. ఇట్టి పని నాకు తగదను దుఃఖమున, తగినవారు వేరే యున్నారను నమ్మకము దాగి యున్నది. దీనిని వ్యాసుని కాలమునకు విడిచి, తిక్కన కాలమునకు విడిచి మనము తప్పించుకొనవచ్చును. కాని నేడు నెల్లూరు వీధులలో బ్యూటీపార్లరులు వెలసినవి. పెండ్లికూతురునకు తల దువ్వి, మొగమునకు పూత పూసి, చేతులకు గోరింట పెట్టు సైరంధ్రులు తీరపు పల్లెల నుండి తెల్లవారు బస్సుకు వచ్చి పని చేయుచున్నారు. గోరింట పెట్టించుకొను చేతినే మనము చూతుము.

అజ్ఞాతవాసము ముగిసి, పాండవులు సింహాసనములపై కూర్చుండిన నాడు విరాటుడు దిగ్భ్రమ చెంది, క్షమాపణ వేడి, కూతురి నిచ్చి పెండ్లి చేసినాడు. ఉత్తరాభిమన్యుల వివాహమునకు వచ్చిన రాజులకు బహువిధములైన భక్ష్యపానములు సిద్ధమైనవి. వలలుడు వంటసాలలో లేడు. మాలిని అంతఃపురమున లేదు. పాఠము ముగిసిన వెనుక మా తరగతిలో వెనుక బల్లపై కూర్చుండు పిల్ల యొకతె, తల్లి మైపాడు వైపు రొయ్యలు ఒలిచెడి పనికి పోవును, లేచి నిలిచి, “అయితే ఆ పెళ్ళికి గంధం ఎవరు నూరారు సార్?” అని యడిగినది. నేను గ్రంథము మరల తెరచి పెండ్లి ఘట్టమంతయు చదివితిని. వారి పేరు లందు లేవు.