జంగమ వ్యాసములందు స్వనిర్దేశము

తెలుఁగు వికీపీడియా 2003వ సంవత్సరమున నారంభమైనది. మూలకర్తలను బేర్కొని, తిరిగి యదే నియమమున నితరుల కిచ్చు షరతుపై, అందలి వ్యాసముల నెవ్వరైనను గొనిపోయి మఱియొకచోటఁ బ్రకటించుకొనవచ్చును. ఇట్లు తిరుగు వ్యాసములలో, విడిచివచ్చిన యింటిని జూపు మాటలు నిలిచిపోయినచో నేమగునన్నది విచారణీయము.

నందిగామను గూర్చిన వ్యాసమును దీసికొనుఁడు. పూర్వపు కృష్ణాజిల్లా మెట్టసీమలో, 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో, ఒక నందిగామ కలదు. రంగారెడ్డి జిల్లాలో వేఱొకటి కలదు. ఇట్టి సమాననామములు గలచోట "అయోమయ నివృత్తి" పుటను జూడుఁడని వ్యాసశిరమున వ్రాయుట వికీసంప్రదాయము. అది యుక్తమే. కాని యా వాక్యముతోడనే వ్యాసమును గ్రామచరిత్రపుస్తకమున నచ్చువేయించినచో, ఆ పుట పుస్తకమున నుండదు. నివృత్తికై పెట్టిన వాక్యమే యయోమయమునకుఁ గారణమగును. వ్యాసము "మొలక" గావున విస్తరింపుఁడను ప్రార్థనయు నిట్టిదే. అచ్చుకాగితమును బడిపిల్లవాఁ డెట్లు విస్తరించును? పాణినీయులకు నీ దోషము పరిచితమే: సూత్రమును బాదమునుండి పెఱికినంతనే పైనుండి యనువర్తించు పదములు జాఱిపోయి యర్థము చెడును.

ఐనను స్వనిర్దేశమెల్ల దోషమని త్రోసివేయుట తొందరపాటు. "ఈ వ్యాసము" అను మాట వ్యాసముతోఁ గూడఁ బోవును, ఎచ్చటనైనను సత్యమే. "ఈ వికీపీడియాలో" అనునది యింటిని జూపును. ఇల్లు మాఱినంతనే యబద్ధమగును. వికీపీడియాయే ప్రస్తుతవిషయమైనచో దాని పేరు చెప్పక తీఱదు. శబ్దము స్వరూపమునే బోధించునని విధించుచు సంజ్ఞలను మినహాయించిన పాణిని (1.1.68) వివేక మిచ్చట స్మరింపఁదగును. అట్టిచోట లోపలి లంకెను గాక సంపూర్ణమైన వెలుపలి చిరునామాను నీయవలయును. లేనిచో నా లంకె ప్రతి చేసినవారి పుటలలోనికే త్రోవ చూపును.

మూసల విషయము వేఱు. మండలముల మూసలో జగ్గయ్యపేట, నందిగామ రెంటికిని లంకె లుండును. అది జగ్గయ్యపేట వ్యాసమునఁ జేరినపుడు జగ్గయ్యపేట లంకె గాక బొద్దక్షరములుగాఁ గన్పట్టును. నందిగామ వ్యాసమున నది లంకెయై పనిచేయును. దీనిని దోషమని దిద్దఁబోవుట మూసను జెఱచుటయే.

ఆంగ్ల వికీపీడియాలో నిట్టి సూచనలకుఁ బ్రత్యేకమైన గుర్తు పెట్టి, ప్రతి చేయువారు వానిని సులభముగా విడువఁగల్గు నేర్పాటు కలదు. అది యనుసరింపఁదగినది. కాని యీ విడుచుటలో నొక ప్రమాదము కలదు. "వికీపీడియానుండి గ్రహింపఁబడినది" అను వాక్యమును బయటియింటినే చూపును. దానినిఁ గూడఁ గత్తిరించిన ప్రకాశకుఁడు వ్యాసమును శుద్ధి చేసినవాఁడు గాఁడు, వ్రాసినవారి పేరును గొట్టివేసి షరతును దప్పినవాఁడు.