అట్ట మీది పిస్తోలు

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి గదా, వాటి ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల వాళ్ళు పట్టాలు పరుస్తారు. ఆ గుట్టల్లో చేతులు పెట్టి వెతకడం నాకు పెళ్ళికి ముందునుంచీ ఉన్న జబ్బు. ఈమధ్య వెళ్ళినప్పుడు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవలలు రెండూ, మధుబాబు గారి షాడో నవలలు నాలుగూ దొరికాయి. ఇంటికి తెచ్చి, దుమ్ము దులిపి వరసగా పేర్చాను. ఆరింట్లో ఐదు అట్టల మీద పిస్తోలు ఉంది. ఆరోదానికి అట్టే లేదు.

అత్తయ్య వాటిని చూసి, "ఇంకా ఈ పుస్తకాలెందుకమ్మా? తుపాకులు మన వీధిలోకే వచ్చాయిగా" అన్నారు.

ఆవిడ అనడానికి కారణం లేకపోలేదు. 2025 జనవరి 16న పొద్దున బీదర్‌లో, ఏటీఎంలో డబ్బు పెట్టడానికి వచ్చిన వాళ్ళను కాల్చి సొమ్ము ఎత్తుకుపోయిన ఇద్దరు, ఆ సాయంత్రమే మన అఫ్జల్‌గంజ్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసు దగ్గర మళ్ళీ తుపాకీ పేల్చారు. నాంపల్లిలో మా ఇంటికి అదెంత దూరం కనుక! నుమాయిష్ జరుగుతున్న రోజులవి. ఆవిణ్ణి బతిమాలి తీసుకువెళ్ళాం. గాలి తుపాకీతో బెలూన్లు కొట్టే స్టాలు దగ్గర 'టప్' మన్నప్పుడల్లా నా మణికట్టు పట్టుకునేవారు. అప్పట్నించీ మావాడు ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తానంటే ఆవిడది ఒకటే మాట. "అక్కడ రోజూ కాల్చుకుంటారటగా!"

నేను బి.ఏ. చదివినదాన్ని. లెక్కలంటే ఆమడ దూరం. కానీ నా రెండు నవలల్లో ముగ్గుర్ని రివాల్వర్‌తో చంపించిన పాపం నాది. అందుకని ఈసారి కథల్ని పక్కనబెట్టి అంకెల్ని తిరగేశాను.

మన దేశంలో హత్యల లెక్క ఏటేటా జాతీయ నేర నమోదు సంస్థ వాళ్ళు అచ్చువేస్తారు. 1992లో ఆ సంఖ్య 40 వేలు దాటింది. 2022లో 28,522. ఈ ముప్ఫయ్యేళ్ళలో జనం ఎంత పెరిగారో మీకు తెలియంది కాదు. లక్షమందికి ఇంతమంది అని చూస్తే 4.6 నుంచి 2.1కి దిగింది. సగం కన్నా తక్కువన్నమాట! పోలీసులు రాసుకున్నదే లెక్క అంటారా, నిజమే. దొంగతనాలూ, ఆడవాళ్ళమీద అఘాయిత్యాలూ ఎన్నో స్టేషను గడప తొక్కవు. కాని శవాన్ని దాచడం అంత తేలిక కాదు. ఉన్న అంకెల్లో కాస్త నమ్మదగిందేదంటే అదే.

నాకు నవ్వొచ్చిందేమిటంటే, 1992లో నాకు పదేళ్ళు. నాంపల్లి స్టేషను రోడ్డు పట్టుకుని అబిడ్స్ దాకా ఒక్కదాన్నీ నడిచి వెళ్ళి, నాన్నకు జి.పి.ఓ.లో కవర్లు కొనుక్కొచ్చేదాన్ని. "ఆ రోజులే వేరు" అని ఇప్పుడు మనం నిట్టూర్చే రోజులు అవే. లెక్కల్లో అవే గడ్డురోజులు! ఆ మరుసటి జనవరి 27న లాల్ బహదూర్ స్టేడియంలో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్‌ని నక్సలైట్లు కాల్చి చంపారు. మా ఇంటినుంచి నడిచిపోయేటంత దూరం. పెద్దవాళ్ళు రెండురోజులు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. మూడోరోజున నన్ను మళ్ళీ కవర్లకు పంపారు. అప్పుడు పొద్దున ఒక్కసారి పేపరొచ్చేది. ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో పేలిన ఒక్క తూటాను మా హాల్లో టీవీ ఆ రాత్రి ఎన్నిసార్లు పేల్చిందో! ఆవిడ ప్రతిసారీ కొత్తగా ఉలిక్కిపడ్డారు.

ఇక తుపాకీ సంగతి. 2014లో దేశంలో సుమారు 34 వేల హత్యలు జరిగితే తుపాకీతో జరిగినవి పదింట ఒకటికి కాస్త అటూ ఇటూ. అందులోనూ చాలా భాగం లైసెన్సు లేని ఆయుధాలతోనే. మిగతా తొమ్మిదింటికి కత్తీ, కర్రా, రాయీ, తాడూ. మన అట్టల మీద మాత్రం పదికి తొమ్మిది పిస్తోళ్ళే. అసలు తుపాకులతో సంబంధం ఉన్న పేట మనకుంది, గన్‌ఫౌండ్రీ. 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోయించిన 'తోప్ కా సాంచా' అది. దాని పక్కనే రోజూ బస్సెక్కే వాళ్ళలో ఎందరు తలెత్తి చూస్తారు?

సినిమాలూ తక్కువ తినలేదు. 1966లో 'గూఢచారి 116', 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' మన కృష్ణగారి చేతికి తుపాకీ ఇచ్చాయి. వాటిమీద నాకు కోపం లేదు. అవి ఆటని చూసేవాడికీ తెలుసు. 1989లో 'శివ' వచ్చి సైకిల్ చైను తెంపింది. ఆయుధమంటే చేతికి దొరికిందే అన్న నిజం ఆ ఒక్క దృశ్యంలో ఉంది. మనవాళ్ళు అందులోంచి చైను తీసుకుని నిజాన్ని వదిలేశారు. 1999లో 'సమరసింహారెడ్డి' తర్వాత ఇక వేటకొడవళ్ళూ, బాంబులూ, సుమోలూ. మా పిన్ని కూతురికి కర్నూలు సంబంధం వస్తే, పిన్ని జాతకం చూడకుండా, "వాళ్ళింట్లో బాంబులుంటాయా?" అని అడిగింది. అబ్బాయి బ్యాంకు గుమాస్తా!

నేనింత చెబుతున్నాను గాని, నా ముందు నేనే దొరికిపోయాను. నా సీరియల్ ఒకటి పూర్తయ్యాక కరీంనగర్ నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది. నవల బాగుందంటూనే, మీ కథలో చచ్చినవాళ్ళంతా తుపాకీకే ఎందుకు చచ్చారని అడిగింది. వాళ్ళ వీధిలో పదేళ్ళలో ఇద్దరాడవాళ్ళు పోయారట. ఒకరిది కట్నం గొడవ, ఒకరిది మొగుడి అనుమానం. ఏ రివాల్వరూ లేదు, ఏ ఇన్‌స్పెక్టరూ చివరి అధ్యాయంలో గుట్టు విప్పలేదు. ఆ ఉత్తరానికి అప్పుడు మర్యాదగా జవాబు రాసి ఊరుకున్నాను. ఇప్పుడు అంకెలు చూస్తుంటే మళ్ళీ గుర్తొచ్చింది. 2022 హత్యల్లో పదివేలకు కాస్త తక్కువ వట్టి తగాదాల వల్ల జరిగినవి. డబ్బుకోసం చేసినవి రెండువేలు కూడా లేవు. వరకట్నపు చావులు విడిగా ఇంకో 6,450 కేసులు. డబ్బుకోసం చంపే పరాయివాడు మన నవలలకు ప్రాణం. ఆవిడ వీధిలో జరిగింది మాకు 'సస్పెన్స్' కాదు.

అమెరికా మాటకొస్తాను. అక్కడ 1993తో పోలిస్తే 2010 నాటికి తుపాకీ హత్యల రేటు 49 శాతం తగ్గింది. 2013లో ప్యూ పరిశోధన సంస్థ వాళ్ళు జనాన్ని అడిగితే, ఇరవయ్యేళ్ళ కిందటి కన్నా పెరిగిందన్నవాళ్ళు 56 శాతం. తగ్గిందని చెప్పింది వందకు పన్నెండుమందే! ఇది చదివి నేను గెలిచినట్టు ఎగిరి అత్తయ్య దగ్గరికి వెళ్ళబోయాను. ఇంకో పేజీ తిప్పాను, కాళ్ళు ఆగిపోయాయి. 2020లో అక్కడి హత్యలు ఒక్క ఏడాదిలోనే దాదాపు 30 శాతం పెరిగాయి. 2021లో తుపాకీతో హతమైనవాళ్ళు 20,958. ఆ ఏడు మన దేశంలో అన్ని రకాల హత్యలూ కలిపి 29,272. వాళ్ళ జనం మనలో నాలుగో వంతు! తర్వాత 2023లో, 2024లో బాగా తగ్గాయి, సరే. అయినా తగ్గడం వేరు, తక్కువ కావడం వేరు. 2017లో కాన్సాస్ రాష్ట్రం ఓలేథ్‌లో మన హైదరాబాదు నుంచి వెళ్ళిన ఇంజనీరు ఒకరిని కాల్చి చంపారు. ఆ వార్త మరిచిపొమ్మని ఏ మొహంతో చెప్పను? అత్తయ్య ఎటు పోతోందన్నది తప్పు చెప్పారు, ఎంత ఉందన్నది తప్పు చెప్పలేదు.

ఆ పేజీలోనే ఇంకొకటి ఉంది. అదే 2021లో అక్కడ తుపాకీతో తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్ళు 26,328 మంది. హత్యల కన్నా ఎక్కువ. మన దగ్గరా చూశాను. 2022లో ఆత్మహత్యలు 1,70,924. హత్యలకు ఆరింతలు. ఇన్నేళ్ళు నవలలు రాస్తున్నాను, పరాయివాడి చేతిలో పిస్తోలు తప్ప గదిలో ఒంటరిగా కూర్చున్న మనిషి భయమెట్లా ఉంటుందో ఒక్క అధ్యాయమూ రాయలేదు.

అత్తయ్యకు అంతా చెప్పాను. అంకెలు వినేటప్పుడు ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. విన్నారో లేదో అనుకున్నాను. చేట పక్కన పెట్టి, "అయితే వాడికి గదిలో తోడెవరుంటారు?" అని అడిగారు.

ఆ సంగతి మావాణ్ణి నేను అడగలేదు. ఫీజులు అడిగాను, వాతావరణం అడిగాను, అద్దె ఎంతో అడిగాను. సాయంత్రం వాడు రాగానే అత్తయ్యే అడిగారు. ముగ్గురు కలిసి ఉంటారట, అందులో ఒకబ్బాయికి వంట వచ్చట. "ఆ అబ్బాయి ఫోను నెంబరు నాకు రాసివ్వు" అన్నారావిడ. అట్ట లేని నవల తీసి, వెనక ఖాళీ పేజీ చూపించారు.