ఆటలో అరటిపండు

మా మానుకోటలో ఇప్పుడు కోతికొమ్మచ్చి ఆడేది కోతులే. పిల్లలు కిటికీ ఊచల వెనక నిలబడి చూస్తారు. వీధిలో బండ్లు, చెట్టు మీద కోతుల మూక, నెత్తిన మే నెల ఎండ. ఇక ఆడేదెక్కడ? మొన్న కేసముద్రం, నెక్కొండ దాటి, వరంగల్‌లో రైలు దిగి, హనుమకొండలో బిడ్డ ఇంటికి పోతే జవాబు దొరికింది. రెండో అంతస్తులో, ఏసీ గదిలో, గంట లెక్కన.

"నాన్నా, దీన్ని ప్లే జోన్‌కు తోల్కపో, నేను గంటసేపు కన్ను మూస్త" అంది. మనుమరాలికి నాలుగేళ్లు. కౌంటర్ దగ్గర దాని ముంజేతికి కాగితం పట్టీ చుట్టారు. అడుగున రబ్బరు చుక్కలున్న సాక్సులు కొనాలన్నారు. "తాతలకు గూడనా?" అన్నాను. "లోపల అడుగు పెడితే ఎవరికైనా, సార్" అన్నాడు ఆ పిల్లగాడు. అరవై దాటాక నా కాళ్లకు ఆకుపచ్చ సాక్సులు.

లోపల స్తంభాలకు స్పాంజి, మెట్లకు స్పాంజి. మోకాలు పగలాలన్నా పగలదు. మధ్యలో రంగు బంతుల మడుగు. ఇట్లాంటి మడుగును 1976లో అమెరికాలోని శాన్‌డియాగోలో పెట్టినవాడు ఎరిక్ మెక్‌మిలన్. అంతకు నాలుగేళ్ల ముందే టొరంటోలోని ఒంటారియో ప్లేస్‌లో పిల్లల కోసం ఆటల ఊరొకటి కట్టాడు. సిర్కాలో ఊరేసిన ఉల్లిగడ్డల సీసాను చూసి, అందులో దూరి పాకితే ఎట్లుంటుందో అనుకున్నాడట, బంతుల మడుగు అట్లా పుట్టింది.

నాకు మాత్రం పత్తి అర్ర గుర్తొచ్చింది. ఏరిన పత్తిని బేరం కుదిరేదాకా ఇంట్లోనే పోసేవాళ్లు, దూలం అందేంత రాశి. తలుపు తెరిచి ఉంటే చాలు, కిటికీ ఎక్కి అందులోకి దుంకేవాళ్లం. నడుము దాకా దిగబడేవాళ్లం. రాత్రంతా దురద, పైగా నాన్న చేతి దెబ్బలు. తొక్కిన పత్తికి ధర పడదని ఆయన బాధ ఆయనది. ఊపిరాడక పోయినవాడు మాలో ఎవడూ లేకపోవడం మా అదృష్టం. ఆ లెక్కన ఈ స్పాంజే నయం.

ఒక్కటే మింగుడుపడలేదు. గది నడుమ వల కట్టారు. ఎత్తు కొలిచి ఇటు చిన్నవాళ్లను, అటు పెద్దవాళ్లను పంపుతున్నారు. పెద్దపిల్లలు మీద పడితే చిన్నవాళ్లు నలిగిపోతారు, నిజమే. మా వాడలో మాత్రం ఎత్తు కొలిచే కర్ర లేదు. అక్క చంకలో తమ్ముడుంటే వాడూ ఆటలోకే. వాణ్ణి ముట్టినా ముట్టనట్టే, దొరికినా దొంగ కాడు. వాడు ఆటలో అరటిపండు. ఈ మినహాయింపును ఎవరు కనిపెట్టారో గాని, చంకలో పిల్లవాణ్ణి దించడానికి వీల్లేక, ఆట మానడానికి మనసు రాక, ఏ అక్కో కనిపెట్టి ఉంటుంది. నేనూ చాన్నాళ్లు అరటిపండునే. చిర్రగోనె, కచ్చకాయలు పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవే. ఒకనాడు దాగుడుమూతల్లో "నువ్వు ఔట్" అని ఎవరో నిజంగానే అన్నారు. ఆ మాట అమ్మకు చెప్పడానికి ఇంటికి ఉరికాను.

ఇక్కడ తల్లులు, తాతలు గోడవారన కూర్చోవాలి. చూడడమే మా పని, అదంత సులువు కాదు. మనుమరాలు జారుడుబండ కొసన ఆగినప్పుడల్లా నా చేతులు లేస్తున్నాయి. "తాతా, పట్టకు" అంది రెండుసార్లు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఒక తండ్రి ఫోనులో మునిగిపోయాడు. ఆయన కొడుకు మాత్రం హాయిగా ఆడుకుంటున్నాడు.

అరగంటకు దానికి బంతులు విసుగొచ్చాయి. పోయి వలకు ముక్కు ఆనించి నిలబడింది. అవతల పదేళ్ల పిల్లలు ఒకరినొకరు తరుముకుంటున్నారు. అందులో ఒక పిల్లగాడు ఉరుక్కుంటూ వచ్చి, వల సందులోంచి వేలు పెట్టి దాని భుజం ముట్టి, "నువ్వు ఔట్" అని పోయాడు. ఇది ఒక్కసారి నా వైపు చూసింది. బంతుల్లో వెల్లకిలా పడి నవ్వింది. లేచి మళ్లీ వల దగ్గరికే పోయింది.

టైమైందని పిలిచేదాకా అదే ఆట. ఇల్లు చేరగానే చెప్పులైనా విడవకుండా లోపలికి ఉరికింది. "అమ్మా, నేను ఔటయిన!"